నీళ్ళకి అందని బలం

అట్లాంటా నగరానికి ఈశాన్యంగా చట్టహూచీ నది మీద 1950లలో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టారు. ఆ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళే లేనియర్ సరస్సు. దాని పడమటి వైపున కమ్మింగ్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఆ ఊళ్ళో ఇద్దరు తోడల్లుళ్ళు రెండు వీధుల ఎడంలో కాపురం ఉండేవారు.

పెద్దల్లుడిది కొనే చెయ్యి. ఏ పని కుదరకపోయినా, ఇంకా పెద్ద వస్తువు తెస్తే కుదురుతుందని నమ్మేవాడు. చిన్నల్లుడిది లెక్కల బుర్ర. ఏ పని కుదరకపోయినా, కాగితం మీద సూత్రం రాసుకుంటే కుదురుతుందని నమ్మేవాడు. ఇద్దరూ కష్టజీవులే, మంచివాళ్ళే. రోజూ వాదించుకునేవారు, ఆదివారం వస్తే మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసేవారు.

ఒక వేసవిలో ఇద్దరూ చెరిసగం వేసుకుని ఒక పాత పాంటూన్ బోటు కొన్నారు. పాంటూన్ అంటే రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద చదునైన డెక్కు, చుట్టూ రెయిలింగు, కూర్చోడానికి సోఫాలు, పైన నీడకి బట్టకప్పు. 1950ల మొదట్లో మిన్నెసోటా రాష్ట్రంలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనప పీపాలను వరసగా అతికించి, అలాంటి రెండు వరసల మీద చెక్క వేదిక పరిచాడు. అక్కణ్ణుంచి వచ్చిన బోటు ఇది. ఆయన కోరింది నీళ్ళ మీద కదలకుండా నిలిచే బోటు. వేగం కావాలనే కోరిక తర్వాతి తరాలది.

తోడల్లుళ్ళ బోటు పొడవు 22 అడుగులు. వెనక 115 హార్స్ పవర్ మోటారు. రెండు కుటుంబాలూ, ఆ వేసవికి విశాఖపట్నం నుంచి వచ్చిన మామగారూ కలిసి ఎనిమిది మంది ఎక్కేవారు. థ్రాటిల్ చివరిదాకా నొక్కితే గంటకి 23 మైళ్ళు వచ్చేది. వెనక తాడు కట్టి, గాలి నింపిన ట్యూబు మీద పిల్లల్ని కూర్చోబెట్టి లాగితే ఆ వేగం ఇంకా పడిపోయేది. చూడ్డానికి అచ్చం తమ బోటు లాంటివే మరికొన్ని పక్కనుంచి దూసుకుపోతుంటే పిల్లలు మొహాలు వేలాడేసుకునేవారు.

"తమ్ముడూ, ఈ మోటారు తీసేసి 150 పెట్టిద్దాం. పీడా పోతుంది" అన్నాడు పెద్దల్లుడు.

"బోటుకి అంటించిన పలక చూశావా అన్నయ్యా? 115కి మించి పెట్టొద్దని ఉంది. పైగా బలం పెరిగినంతా వేగం పెరగదు. వేగం బలానికి ఇంచుమించు వర్గమూలంలా పెరుగుతుంది. 115 నుంచి 150కి వెళితే బలం 30 శాతం పెరుగుతుంది కానీ, వేగం 14 శాతం పెరిగితే గొప్ప. మోటారు బరువు కూడా పెరిగితే అదీ రాదు" అన్నాడు చిన్నల్లుడు. ఆ మాట నిజమే.

"మరి నీ ఉపాయమేంటి?"

చిన్నల్లుడు కాగితం తీశాడు. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వ్యాసం, రెండోది పిచ్. స్క్రూ చెక్కలోకి దిగినట్టు ప్రొపెల్లర్ నీళ్ళలో దిగితే, ఒక్క చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో అది పిచ్. నీళ్ళు చెక్కలా గట్టివి కావు కనుక కొంత జారిపోతుంది. ఇంజను నిమిషానికి తిరిగే చుట్లను పిచ్‌తో హెచ్చవేసి, వచ్చినదాన్ని గేరు నిష్పత్తితోనూ 1056తోనూ భాగిస్తే, జారుడు లేకుండా గంటకి ఎన్ని మైళ్ళు రావాలో తెలుస్తుంది. వీళ్ళ గేరు నిష్పత్తి 2.07. ప్రొపెల్లర్ పిచ్ 15. ఇంజను 4,800 చుట్లు తిరుగుతోంది. లెక్క ప్రకారం 33 మైళ్ళు రావాలి.

"వస్తున్నది 23. అదే పిచ్ 17 అయితే లెక్క 37కి పెరుగుతుంది. జారుడు పోగా 26 వచ్చినా మనం గెలిచినట్టే. ఒక్కో చుట్టుకి పెద్ద అడుగు వేయిస్తే వేగం దానంతట అదే వస్తుంది" అన్నాడు.

పెద్దల్లుడికి పెద్ద అనే మాట నచ్చింది. తళతళలాడే కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు ప్రొపెల్లర్ వచ్చింది. ఆ శనివారం ఎనిమిది మందీ ఎక్కారు. థ్రాటిల్ చివరిదాకా నొక్కారు. ఆర్‌పీఎం ముల్లు 4,450 దగ్గర ఆగిపోయింది. జీపీఎస్ 22 చూపించింది. డబ్బు పోసి కొన్న ప్రొపెల్లర్ ఒక మైలు తగ్గించింది.

తోడల్లుళ్ళిద్దరూ మళ్ళీ వాదనకి దిగారు. మోటారు ముసలిదైపోయిందని ఒకరు, సరస్సులో గాలి ఎదురుందని ఒకరు.

మామగారు వెనక సీటులో కూర్చుని మోటారు చప్పుడు వింటున్నాడు. ఆయన ఉద్యోగ జీవితమంతా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేట బోట్ల ఇంజన్లు బాగుచేయడంతోనే గడిచింది. ఆ సంగతి అల్లుళ్ళకి తెలుసు. కానీ ఆయన చేసిన పనికీ ఈ బోటుకీ సంబంధం ఉంటుందని వాళ్ళకి తోచలేదు. అడక్కుండా అల్లుళ్ళకి సలహా చెప్పడం ఆయన మర్యాదకి సరిపడలేదు. అందుకే ఇంటికొచ్చిన నాటినుంచి పిల్లల్ని బస్సెక్కించడం, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోయడం తప్ప మరో పనిలో వేలు పెట్టలేదు.

చిన్నల్లుడి కూతురు ఆయన పక్కన చేరింది. "తాతయ్యా, మోటారు గొంతు మారింది కదూ?"

"మారిందమ్మా. మోయలేకపోతోంది."

ముందు సీట్లలో వాదన ఆగింది. చిన్నల్లుడు వెనక్కి తిరిగి, "మామయ్యగారూ, మీకేమన్నా తెలుస్తోందా?" అని అడిగాడు.

"అడిగారు కాబట్టి చెబుతాను బాబూ. ఇలాంటి మోటారు నేనెప్పుడూ విప్పలేదు. నా చేతులు డీజిలు ఇంజన్లకి అలవాటు. కానీ నీళ్ళు అక్కడైనా ఇక్కడైనా నీళ్ళే. మీరు కట్టిన లెక్క తప్పు కాదు. అందులో ఇంజన్ని అడక్కుండా వేసుకున్న అంకె ఒకటుంది. పిచ్ పెంచినా అది 4,800 తిరుగుతూనే ఉంటుందని మీరనుకున్నారు. అది తిరగనంది."

మనవరాలు పెట్టెలోంచి మోటారు పుస్తకం తీసి వెతికింది. థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు ఇంజను 5,000 నుంచి 6,000 చుట్ల మధ్య తిరగాలని అందులో ఉంది.

"చూశారా? మనకి ముందునుంచే 5,000 అందడం లేదు. 115 గుర్రాల బలం ఆ పైచుట్లలోనే ఉంటుంది. కిందే ఆగిపోతే ఆ బలం మోటారులోనే ఉండిపోతుంది, నీళ్ళకి అందదు. ఇలాగే లాగించామంటే లోపల వేడి, మసి పెరిగి ఇంజను ఆయుష్షు కూడా తగ్గుతుంది. మా హార్బర్‌లో పిచ్ ఎక్కువైన ప్రొపెల్లర్ వేస్తే పొగగొట్టం నల్లటి పొగ కక్కేది. ఓనరు వచ్చి ఇంజనుకి బలం చాలదనేవాడు. బలం ఉండేదండీ. తిరగనివ్వకపోతే అదేం చేస్తుంది? ఇక్కడ పొగ కనపడదు. దాని బదులు ఈ ముల్లు చెబుతోంది."

"అయితే పిచ్ తగ్గించేద్దాం మామయ్యగారూ" అన్నాడు పెద్దల్లుడు లేచి.

"ఆగండి బాబూ. ఇంజను దేన్ని మోయలేకపోతోందో ముందు చూద్దాం. మోయక్కర్లేనివేమన్నా ఉంటే ముందు అవన్నీ తీసేయాలి. పాత ప్రొపెల్లరే మళ్ళీ బిగించండి. ఆ బరువులు తీశాక ఒకసారికి ఒకటే మార్పు. ప్రతి మార్పుకీ ఈ ఎనిమిది మందే ఎక్కాలి, ఇంధనం కూడా ఇంతే ఉండాలి. గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాలున ఒకసారి నడిపి రెండిటి సగటు రాయాలి. అమ్మలూ, నోట్సు నీది."

బోటుని ట్రైలర్ మీదికి ఎక్కించి ఒడ్డుకి తెచ్చారు. గొట్టాల అడుగున పచ్చటి పాచి పట్టి ఉంది. చెయ్యి పెడితే జారుతోంది. పెద్దాయన దాన్ని తర్వాత చూద్దామని చెప్పి, వేళ్ళ మెటికలతో కుడివైపు గొట్టాన్ని ముక్కు నుంచి తోకదాకా కొట్టుకుంటూ వెళ్ళాడు. పొడుగునా ఖంగుమని మోగింది. ఎడమవైపు గొట్టం సగందాకా అలాగే మోగింది. వెనక భాగానికి వచ్చేసరికి చప్పుడు మొద్దుబారిపోయింది. ఆయన చెవి ఆనించి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే చప్పుడు.

"మనం ఎక్కినప్పుడల్లా బోటు ఎడమకి ఒరుగుతోందని కుడివైపు ఎక్కువమందిని కూర్చోబెడుతున్నారు కదూ?"

"అవును మామయ్యగారూ. పాత బోటు కదా, కొంచెం ఒంపు ఉంటుందనుకున్నాం."

గొట్టం వెనక, అడుగున చిన్న బిరడా ఉంది. స్పానర్ వేసి తిప్పగానే మురుగు వాసనతో గోధుమరంగు నీళ్ళు దూకాయి. మనవరాలు బకెట్లు పట్టి లెక్కపెట్టింది. అయిదు గ్యాలన్ల బకెట్లు ఆరు నిండాయి. ఒక గ్యాలన్ నీళ్ళు 8.34 పౌన్ల బరువు. అంటే ఇంచుమించు 250 పౌన్లు. ముగ్గురు పిల్లల బరువుని ఎవరికీ తెలియకుండా బోటు మోసుకు తిరుగుతోంది. అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించింది. మెరీనాలో వెల్డింగు చేయించారు. పాచి అంతా గీకి కడిగారు. గాలికి అడ్డంగా నిలిచే బట్టకప్పుని మడిచి కట్టేశారు.

మళ్ళీ ఎనిమిది మందీ ఎక్కారు. పాత 15 పిచ్ ప్రొపెల్లరే. ముల్లు 4,950. వేగం 24. నోట్సులో మొదటి వరస పడింది.

తర్వాత పెద్దాయన లైఫ్ జాకెట్ తొడుక్కుని, వెనక సీటు మీద మోకాళ్ళూని, బోటు పరుగెడుతుండగా నీళ్ళలోకి దిగి ఉన్న మోటారు కాలుని గమనించాడు. ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఒక చదునైన రేకు ఉంటుంది. పైనుంచి గాలి ప్రొపెల్లర్ దగ్గరికి రాకుండా ఆపేది అదే. అది నీళ్ళలో లోతుగా మునిగి ఉంది. మోటారు కాలు నీళ్ళని చీలుస్తూ, ఆ నీళ్ళని డెక్కు అడుగుకి ఎగజిమ్ముతోంది.

"మోటారు మరీ కిందికి ఉంది. ఆ లోహమంతా నీళ్ళలో ఈడ్చుకెళ్ళడానికే సగం కష్టం. పరుగులో ఉన్నప్పుడు ఆ రేకు నీటిమట్టానికి తాకీ తాకనట్టు ఉండాలి."

మోటారు బిగించే బోల్టులకి ముప్పాతిక అంగుళం ఎడంతో రంధ్రాలుంటాయి. మెరీనా మెకానిక్ గొలుసు కప్పీతో మోటారుని ఒక్కో రంధ్రం చొప్పున పైకి లేపాడు. ఒకటి లేపగానే ముల్లు 5,000 దాటింది. రెండోది లేపితే 5,150కి వెళ్ళింది. వేగం 25. పెద్దల్లుడికి హుషారొచ్చింది.

"ఇంకొకటి లేపిద్దాం మామయ్యగారూ!"

"లేపి చూద్దాం బాబూ. ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి కదా."

మూడో రంధ్రానికి లేపారు. తిన్నగా పోతున్నంతసేపూ బాగానే ఉంది. మలుపు తిప్పగానే ప్రొపెల్లర్ గాలి పీల్చింది. మోటారు ఒక్కసారి గీపెట్టింది. ముల్లు ఎగిరిపడింది. బోటు మాత్రం ముందుకి పోవడం మానేసింది. పెద్దల్లుడు కంగారుగా థ్రాటిల్ వెనక్కి లాగాడు.

"అదిగో, తిరగడం వేరు, లాగడం వేరు. గాలిలో ఎంత తిరిగినా దండగే" అన్నాడు మామగారు. మోటారుని మళ్ళీ రెండో రంధ్రానికి దించారు.

ఇప్పుడు ప్రొపెల్లర్ వంతు వచ్చింది. పిచ్ ఒక అంగుళం మారితే ఇంజను సుమారు 150 నుంచి 200 చుట్లు మారుతుందని మెరీనా మెకానిక్ చెప్పాడు. కొనకుండానే వేసి చూసుకోమని తన దగ్గరున్న పాత అల్యూమినియం ప్రొపెల్లర్లు రెండు ఇచ్చాడు. ఒకటి 13 పిచ్, ఇంకొకటి 11.

ముందు 11 వేశారు. బోటు చటుక్కున లేచి ఉరికింది. పిల్లలు కేరింతలు కొట్టారు. కానీ ముల్లు 6,000 దాటి, మోటారు తనంతట తానే పట్టు తగ్గించుకోవడం మొదలుపెట్టింది. వేగం 26 దగ్గర ఆగిపోయింది. ఎనిమిది మంది ఉంటేనే ఇలా ఉంటే, ఇద్దరే ఎక్కిన రోజున హద్దు మీరి తిరుగుతుంది.

తర్వాత 13 వేశారు. ముల్లు నిదానంగా లేచి 5,550 దగ్గర నిలిచింది. మోటారు గొంతులో ఆయాసం లేదు, అరుపు లేదు. జీపీఎస్ 27 చూపించింది.

చిన్నల్లుడు కాగితం మీద మళ్ళీ లెక్క కట్టాడు. 13 పిచ్‌తో 5,550 చుట్లకి జారుడు లేకుండా 33 మైళ్ళు రావాలి. మొట్టమొదటి రోజున 15 పిచ్‌తో 4,800 చుట్లకి వచ్చిన అంకె కూడా 33 మైళ్ళే. "కాగితం మీద రెండూ ఒకటే మామయ్యగారూ! అప్పుడు అందులో 23 చేతికొచ్చింది, ఇప్పుడు 27 వస్తోంది."

"అప్పుడు జారిపోయినదాన్ని ఇప్పుడు పట్టుకున్నాం బాబూ."

నోట్సులో రాస్తున్న మనవరాలు తలెత్తింది. "తాతయ్యా, మేం నలుగురం ముందు సీట్లో కూర్చుంటే బోటు ముక్కు నీళ్ళలోకి వంగుతోంది." ఇద్దరు పిల్లలు మధ్యకి వచ్చి కూర్చున్నారు. పెద్దాయన చెప్పినట్టు పెద్దల్లుడు బయల్దేరేటప్పుడు మోటారుని లోపలికి వాల్చి ఉంచి, బోటు పరుగందుకున్నాక ట్రిమ్ బటన్ నొక్కుతూ కొద్దికొద్దిగా బయటికి వాల్చాడు. ముక్కు తేలికగా లేచింది. గొట్టాలు నీళ్ళని దున్నడం మాని నీళ్ళ మీద జారడం మొదలుపెట్టాయి. 5,650 చుట్లు. 28 మైళ్ళు. మలుపులోనూ పట్టు తప్పలేదు.

వర్గమూలం లెక్క చిన్నల్లుడికి గుర్తొచ్చింది. 23 నుంచి 28కి రావాలంటే, మోటారు మార్చే దారిలో అయితే 170 హార్స్ పవర్ కావాలి. బోటు పలక మీద ఉన్నది 115. పొరపాటున కొన్న స్టీలు ప్రొపెల్లర్ పక్కన పెడితే, వీళ్ళు పెట్టిన ఖర్చు మెరీనా కూలీ, ఒక పాత ప్రొపెల్లర్.

ఒడ్డుకి చేరాక పెద్దల్లుడు మామగారి చెయ్యి పట్టుకుని డెక్కు దింపాడు. "మామయ్యగారూ, ఇంత తెలిసీ ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"మీరు అడగలేదు కదా బాబూ" అన్నాడాయన.

అల్లుళ్ళిద్దరికీ నోట మాట రాలేదు. మర్నాటి ఉదయం పెద్దల్లుడు తన ఇంటి వెనక నెలల తరబడి మూలుగుతున్న పచ్చికకోత యంత్రాన్ని బయటికి తీసి, మామగారికి కబురు పంపాడు.

నీతి

కొత్త బలం కొనే ముందు, ఉన్న బలం ఎక్కడ ఆగిపోతోందో చూసుకోవాలి.

ఈ కథలో మోటారుకి బలం తక్కువై బోటు వెనకబడలేదు. ఉన్న బలంలో కొంత గొట్టంలో చేరిన నీళ్ళు మోయడానికి పోయింది. కొంత లోతుగా మునిగిన మోటారు కాలుని ఈడ్వడానికి పోయింది. ఇంకొంత తిరగలేనంత పెద్ద అడుగు కింద అణిగిపోయింది. ఆ ఇంట్లో తెలివి తక్కువై పని ఆగలేదు. తెలిసిన మనిషి వెనక సీట్లోనే కూర్చుని ఉన్నాడు. అడిగేవాళ్ళు లేక ఆయన తెలివి ఆయన దగ్గరే ఉండిపోయింది. బలమైనా తెలివైనా పనికి అందినప్పుడే లెక్కలోకి వస్తుంది.

కథ కల్పితమే. ఇలాంటి సంగతి చరిత్రలో నిజంగా జరిగింది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు పడవకి స్క్రూ ప్రొపెల్లర్ అమర్చి 1836లో పేటెంటు తీసుకున్నాడు. అది రెండు పూర్తి చుట్లున్న పొడవాటి చెక్క మర. 1837లో పాడింగ్టన్ కాలువలో నడిపి చూస్తుండగా ఆ మర దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోతుందనుకుంటే అంతకుముందుకన్నా వేగంగా కదిలింది. స్మిత్ ఆ సంగతి వదిలెయ్యలేదు. ఒక చుట్టు మరతోనే కొత్త ప్రొపెల్లర్ చేసుకున్నాడు. ఆవిరి ఇంజను అదే, పడవ అదే. అడ్డుగా ఉన్నది పోయేసరికి ఉన్న బలం నీళ్ళకి అందింది.  

చిన్నదే మంచిదని ఈ కథకి అర్థం చెప్పుకోకూడదు. 11 పిచ్ కూడా ఓడిపోయింది కదా. మోటారుని మూడో రంధ్రానికి లేపినా పని చెడింది. మోయలేని అడుగు వేయిస్తే ఇంజను కుంగుతుంది, చాలీచాలని అడుగు వేయిస్తే ఊరికే గింగిరాలు తిరుగుతుంది. ఆ రెండిటికీ మధ్య సరైన చోటొకటి ఉంటుంది. అది అందరికీ ఒకే చోట ఉండదు. రోజూ మోసే బరువుతో, రోజూ నడిచే నీళ్ళలో కొలిచి చూసుకున్నవాడికే అది దొరుకుతుంది.

మనం ఇళ్ళలో చేసే పొరపాటు కూడా ఇదే. పిల్లవాడు చదువులో వెనకబడితే ఇంకో ట్యూషను పెడతాం, ఇంకా పైతరగతి పుస్తకం కొంటాం. వాడికి నిద్ర చాలుతోందా, కళ్ళు సరిగా కనపడుతున్నాయా, ఇంట్లో మనసుకి బరువేదన్నా ఉందా అని ముందు చూడం. ఆఫీసులో పని నడవకపోతే ఇంకో పదిమందిని తెస్తాం. ఉన్నవాళ్ళ పని ఏ సంతకం దగ్గర ఆగిపోతోందో కనుక్కోం. ఆర్నెల్ల కోసం అమెరికా వచ్చిన తల్లిదండ్రులు, అత్తమామలు ఒక జీవితకాలం పని చేసిన చేతులతో సోఫాలో కూర్చుని సాయంత్రం కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్ళు లెక్కల మాస్టర్లు, నర్సులు, ఫిట్టర్లు, రైతులు. ఒక్క మాట అడిగితే చాలు, వాళ్ళ పనితనం ఆ ఇంటికి అక్కరకొస్తుంది. అడక్కపోతే వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోతుంది.

ఉన్న బలమంతా నీళ్ళకి అందాక కూడా చాలకపోతే, అప్పుడు కొత్తది కొనడం న్యాయమే. ఆ కుటుంబానికి 28 కాకుండా 40 మైళ్ళు కావాలంటే మూడు గొట్టాల బోటు, దానికి తగిన పెద్ద మోటారు తెచ్చుకోవాల్సిందే. అప్పుడు ఎంత కావాలో ఎందుకు కావాలో తెలిసి కొంటారు. ముందే కొనేస్తే కొత్త బలం కూడా పాతది పోయిన చోటికే పోతుంది. కారే గొట్టం కారుతూనే ఉంటుంది.

చాలలేదని అనిపించిన ప్రతిసారీ మూడు పనులు చేయాలి. మోయక్కర్లేని బరువేదో వెతికి దించాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, వచ్చిన ఫలితాన్ని రాసుకోవాలి. తెలిసినవాళ్ళు మన పక్కనే ఉన్నారేమో చూసి, నోరు విప్పి అడగాలి. ఈ మూడూ చేశాక కూడా చాలకపోతే, అది నిజమైన కొరత.